జోడు వీధి దస్తగిరి

భార్యకు ఎన్నడూ చెప్పని సంగతి ఆమె నోటే విన్నప్పుడు, దస్తగిరి నోటి దాకా తెచ్చిన ముద్దను తిరిగి కంచంలో పెట్టాడు.

కాశింబీ పెద్ద విషయంలాగా అనలేదు. పప్పు వడ్డిస్తూ, మా అక్క పెళ్ళి పరుపు కుట్టింది నువ్వేనంట గదా అంది. ఎవరు చెప్పినారని అడిగాడు.

"నువ్వే," అంది.

అతను చెప్పలేదు. అది అతనికి బాగా తెలుసు. పెళ్ళికి ముందు, తండ్రి వెంట పల్లెలు తిరిగి దూది ఏకే రోజుల్లో, కాశింబీ వాళ్ళ వాకిట్లో ఆ పెళ్ళి పరుపు కోసం కొన్నాళ్ళు పని చేశాడు. దూదేకే మనిషి ముక్కూ మూతీ కలిపి గుడ్డ కట్టుకుంటాడు, లేకపోతే నూగు గొంతులోకి పోతుంది. కళ్ళు మాత్రం కనపడతాయి. ఆ పిల్ల చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టి పోయేది. అతను గోడ వైపు తిరిగి గుడ్డ దించుకొని తాగేవాడు. పని ముగించి ఊరు చేరినాక పిన్నమ్మతో ఒక్క మాట అన్నాడు, చేసుకుంటే ఆ ఇంటి చిన్నపిల్లనే అని. తక్కినదంతా పెద్దలు నడిపించారు. కాశింబీ మాత్రం, సంబంధాలు చూసే ముసలాయన నాలుగిళ్ళు తిరిగి తమ ఇంట్లో కాలు పెట్టాడనే అనుకుంటూ వచ్చింది.

పెళ్ళైన కొత్తలో చెబుదామనుకున్నాడు. పిల్ల పుట్టినప్పుడు చెబుదామనుకున్నాడు. ఆ పిల్లకూ పెళ్ళై నంద్యాల వెళ్ళిపోయింది. మాట లోపలే ఉండిపోయింది. పొద్దంతా మూతికి గుడ్డ కట్టుకొని పని చేసేవాడికి, గుడ్డ విప్పినాక కూడా నోరు తెరవడం కష్టంగానే ఉంటుంది.

ఆ పూట అన్నం సగంలో వదిలి లేచాడు. కాశింబీ చెప్పిన 'నువ్వు' ఎవరో అతనికి అర్థమైంది.

కర్నూలు పత్తిబజారులో బండ్లన్నీ ఒకే వైపు పోతాయి. పైకొస నుంచి కిందికొసకు. దస్తగిరి ఇల్లు పైకొసన, అంగడి కిందికొసన. పొద్దున పరుపులేసుకొని తొక్కుడు బండి మీద దిగిపోవడం సులువు. రావాలంటే ఊరు చుట్టి కాలువ గట్టు మీదుగా రావాలి. అందుకని మధ్యాహ్నం అన్నం క్యారియర్‌లో పోయేది. అతను ఇంటికి చేరేటప్పటికి చీకటి పడేది.

ఈ వీధిని రెండు వైపులా తెరవాలా వద్దా అన్న తగువు పాతదే. కిందికొసన టీ అంగడి నడిపే ఓబులేసు తెరవాలనేవాడు. బస్సులు వస్తే గిరాకీ పెరుగుతుందని అతని ఆశ. పైకొసన కాన్పుల ఆసుపత్రి ఉంది. నొప్పులు పడే ఆడవాళ్ళను కాలువ గట్టు గుంతల మీదుగా తిప్పుకొని తేవలసి వస్తోందని అక్కడి ఆయాలు గోల పెట్టేవాళ్ళు. బండ్లు నిలుపుకునే చోటు పోతుందని బట్టల అంగళ్ళవాళ్ళు అడ్డం పడేవాళ్ళు. ఎటూ తెగలేదు. అప్పుడు ఇంజనీరు ఇందుమతి వచ్చి, మూతబడిన పాత సినిమా హాలు అద్దెకు తీసుకొని, అందులో జోడు వీధిని పెట్టింది.

జోడు వీధి అంటే రెండు మంచాలంత బల్ల. దాని మీద వెలుతురుతో కట్టిన పత్తిబజారు. బొటనవేలంత మనుషులు. వీధిలోని పెద్దవాళ్ళను ఒక్కొక్కరినీ ఒక పూట కుర్చీలో కూర్చోబెట్టి, తలకు మెత్తటి టోపీ తొడిగి, జ్ఞాపకాలూ అలవాట్లూ భయాలూ అన్నీ అచ్చు తీశారు. ఆ అచ్చులే బల్ల మీద తిరిగే మనుషులు. టోపీ పెట్టినప్పుడు కాశింబీ చక్కిలిగింతలని నవ్వింది. దస్తగిరి నిద్రపోయాడు. నిద్రలో ఉన్నవాడి దగ్గర టోపీ అడగకుండానే అన్నీ తోడుకుంది.

బల్ల మీది వీధిని రెండు వైపులా తెరిచి వదిలారు. పొద్దుగూకినాక దాన్ని వేగంగా నడిపేవాళ్ళు, తెల్లవారేసరికి అక్కడ నెలలు గడిచిపోయేవి. పగలు చూడడానికి వచ్చేవాళ్ళ కోసం మామూలు నడకకు తెచ్చేవాళ్ళు. వీధి అందరికీ కనపడుతుంది గానీ, మాటలు ఎవరి గడపవి వాళ్ళకే. చెవిలో బిళ్ళ పెట్టుకుంటే ఆ గడప దగ్గరి మాటలు వినిపిస్తాయి. ముందు జనం ఎగబడి వచ్చారు, తర్వాత పనుల్లో పడి మానుకున్నారు. కాశింబీ మానలేదు.

ఆమె రోజూ పోతోందన్న సంగతి వీధిలో అందరికీ తెలిసినాకే దస్తగిరికి తెలిసింది. ఓబులేసు టీ గ్లాసు అందిస్తూ చెప్పాడు.

"నీ ఇల్లాలు దినామూ సినిమాకు పోతాండాదంటనే. హీరో నువ్వేనంట. చూసినోళ్ళు చెప్తాండారు, నీకంటే ఆయప్పే బాగుండాడని."

అంగట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. దస్తగిరి టీ తాగి గ్లాసు కడిగి పెట్టి, దూది మీద పట్ట కప్పి, సినిమా హాలుకు పోయాడు.

హాల్లో కుర్చీలు తీసేశారు. చీకట్లో బల్ల ఒక్కటే వెలుగుతోంది. కాశింబీ గడ్డం కింద చెయ్యి పెట్టుకొని ముక్కాలి పీట మీద కూర్చొని ఉంది. జడలో కనకాంబరాలున్నాయి. ఆమె పండగ పూట తప్ప పూలు పెట్టుకోదు. పొద్దున తాను బండి తీసేటప్పుడు జడలో పూలు లేవు. అతను స్తంభం వెనకే నిలబడిపోయాడు.

బల్ల మీద కిందికొస నుంచి బండ్లకు ఎదురుగా తొక్కుడు బండి ఒకటి పైకి వస్తోంది. తొక్కుతున్నవాడి వీపు అతనికి తెలిసిన వీపే. కాస్త చిక్కింది. చొక్కా భుజం దగ్గర అతుకు ఉంది. ఇంటి ముందు దిగి గంట కొట్టాడు. వేలెడంత కాశింబీ తలుపు తీసింది. ఆమె జడలోనూ కనకాంబరాలున్నాయి.

ఇందుమతి అతన్ని గుర్తుపట్టి చెవిబిళ్ళ ఇచ్చింది. పెట్టుకున్నాడు. తన గొంతే. తన గొంతు అంతసేపు ఆగకుండా మాట్లాడడం అతను ఎప్పుడూ వినలేదు. తండ్రి సంగతేదో చెబుతున్నాడు. ఒక పల్లెలో దూది ఏకుతుంటే సుడిగాలి లేచి, దూదంతా ఎగిరి రెడ్డిగారి బర్రె మీద పడితే, తెల్ల బర్రె ఎవరిదని ఊరంతా వెతికారట. జరిగిన సంగతే. అయితే దస్తగిరి తలలో అది ఇంత తమాషాగా లేదు. ఆ మనిషి చేతులు తిప్పుతూ, ముసలాయన గొంతు పెడుతూ చెబుతున్నాడు. బల్ల మీది కాశింబీ నవ్వింది. అదే క్షణంలో పీట మీది కాశింబీ కూడా నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది ఇద్దరూ ఒకే తీరున.

దస్తగిరి చెవిబిళ్ళ తీసేశాడు.

ఆయప్పకు ఈ మాటలు ఎవరు నేర్పినారని ఇందుమతిని అడిగాడు. ఎవరూ నేర్పలేదంది ఆమె. మేం తిప్పింది రోడ్డునే, మనిషిని కాదంది. వీధి గొంతు అతని అంగడి దగ్గరే ఇరుకు. రెండు వైపులా బండ్లు పోవాలంటే అంగడి ముందరి రాతి అరుగు కొట్టెయ్యాలి. బల్ల మీద కొట్టేశారు. అరుగు లేక ఆయనకు బయట దూది ఏకే చోటు పోయింది, పని తగ్గింది. మధ్యాహ్నం ఊరికే ఉండలేక, ఎదురుగా దారి తెరుచుకుంది గనుక ఇంటికి వచ్చాడు. కొన్నాళ్ళు తిని పోయేవాడు. ఒక పూట వాన పట్టుకుంది. పోలేక కూర్చున్నాడు. ఆ పూట మాటలు మొదలుపెట్టాడు.

"తాను బల్ల మింద ఉండానని ఆయప్పకు తెలుసునా మేడం?"

"తెలియదు. ఆయన వరకు ఆయనే దస్తగిరి," అంది ఇందుమతి.

తర్వాత ఆమె తన పని సంగతి చెప్పింది. తక్కిన వీధి అంతా ఏదో ఒకటి చెప్పేసింది. అరుగు అతనిది గనుక అతని మాట లేనిదే ఏదీ తెగదు. ఒప్పుకుంటానని గానీ ఒప్పుకోనని గానీ అందరి ముందరా నోటితో చెప్పాలి. చెప్పినాక బల్లను ఖాళీ చేసి ఇంకో ఊరి వీధి కోసం తీసుకుపోతారు.

"ఖాళీ అంటే?"

ఆమె బల్ల వైపు చూసి, ఆపేస్తామండీ అంది. మీరు ఏం చెప్పినా ఆపేయడమే అంది. పీట మీద కాశింబీ తల తిప్పింది. అప్పుడు చూసింది మొగుణ్ణి.

ఆ తర్వాతి రోజుల్లో దస్తగిరి విల్లు నారి రెండుసార్లు తెంచాడు. పెళ్ళి పరుపులకు అతను ఇంకా మిషను వాడడు, విల్లుతోనే ఏకుతాడు. చెయ్యి అంత మొరటుగా పడడం అతనికే వింతగా ఉంది. పరాయివాడైతే ఒక దారి ఉండేది. కాలర్ పట్టుకోవచ్చు. జమాతు పెద్దల ముందు నిలబెట్టవచ్చు. వీడు పరాయివాడు కాదు. వీడు చెప్పేదేదీ అబద్ధమూ కాదు. ఏళ్ళ తరబడి తాను పెట్టె అడుగున మడిచిపెట్టిన కొత్తబట్ట ఒకటి, వీడు తీసి తొడుక్కొని, తన ఇంటి గుమ్మంలోనే తిరుగుతున్నాడు. దొంగ అనడానికి లేదు. ఆ బట్ట వీడిది కూడా.

ఒక రాత్రి అన్నం దగ్గర తానే ఒక సంగతి ఎత్తాడు. చిన్నప్పుడు పీర్ల గుండం ముందు భయపడి తండ్రి పంచె వెనక దాక్కున్న సంగతి. రెండు మాటలు చెప్పాడో లేదో, పంచె ఊడిపోయింది గదా అంది కాశింబీ. అది ఎగతాళి కాదు. మరిచిపోయిన మాట అందించినట్టు అందించింది. దస్తగిరి మళ్ళీ నోరు మూశాడు.

ఆమెకూ మనసులో ఏదో తిరుగుతోంది. మర్నాడు క్యారియర్ మూత బిగిస్తూ అంది.

"ఇంజనీరమ్మకు ఇప్పుడే ఏమీ చెప్పాకు. కొన్నాళ్ళు పోనీ. మాట్లాడకుండా ఉండేది నీకు చేతనైన పనే గదా."

"ఆయప్పలో ఏముండాదని?"

కాశింబీ క్యారియర్ కింద పెట్టింది.

"నువ్వుండావు," అంది. "ఇన్నేండ్లు నీతో కాపరం చేసి నేను చూడనోనివి ఆడ కనపడతాండావు. పరాయి మొగోణ్ణి చూసేకి పోతాండానా నేను? నన్నే కావాలని అడిగి చేసుకున్యావని నాకు ఆడికి పోయినాకనే తెలిసె."

అతనికి జవాబు ఉంది. ఆ మాట నాది, నేను చెప్పవలసింది అని. అది కూడా నోటి దాకా వచ్చి ఆగింది. బండి తీసుకొని వెళ్ళిపోయాడు. దారంతా ఒకటే తిరిగింది తలలో. ఒప్పుకుంటే అరుగు పోతుంది, దారి తెరుచుకుంటుంది. మధ్యాహ్నం తాను ఇంటికి రావచ్చు. వస్తే ఏమవుతుంది. వాడు నడిచిన దారిలో వాడి వెనక నడిచినట్టవుతుంది. తలుపు తీసే కాశింబీ, ముందు వాణ్ణి చూసుకొని ఆ తర్వాత తనను చూస్తుంది. ఒప్పుకోకపోతే వాడికి ఆ దారే ఉండదు. బల్ల మీదా ఉండదు, నేల మీదా ఉండదు.

కూటం సినిమా హాల్లోనే పెట్టారు. ఓబులేసు వచ్చాడు. బట్టల అంగళ్ళవాళ్ళు వచ్చారు. కాన్పుల ఆసుపత్రి నుంచి ఆయా సుంకులమ్మ వచ్చి ముందు వరసలో కూర్చుంది. మొన్న కాలువ గట్టు మీద ఆటోలోనే కాన్పు అయిందనీ, బిడ్డ దక్కింది గానీ అది దేవుడి దయే గానీ దారి దయ కాదనీ చెప్పింది. బల్ల మీద చూపించినవన్నీ ఇందుమతి చదివి వినిపించింది. వీధి మొత్తానికి మేలే ఎక్కువ. నష్టపోయే అంగళ్ళలో మొదటిది దస్తగిరిది. అతని అరుగుకు పరిహారం ఇస్తారు, ఇంకోచోట స్థలం చూపిస్తారు. చెప్పండి దస్తగిరి గారూ అంది.

అతను లేచి నిలబడ్డాడు. ఆడవాళ్ళ వరసలో కాశింబీ అతని వైపే చూస్తోంది. ఆమె చూపులో వద్దు అని ఉంది. అవునని వద్దు, కాదని వద్దు, ఏదీ వద్దు. తన కోసం ఆమె అట్లా ఎప్పుడైనా బతిమాలిందా అని వెతుక్కున్నాడు. గుర్తు రాలేదు.

"ఒప్పుకోను," అన్నాడు.

ఎందుకని అడిగారు. చెప్పలేదు. అరుగు మీది ఆశ అనుకున్నారు, పల్లెటూరి మొండితనం అనుకున్నారు. అతను ఆ మాటే ఖాయం చేసుకోనిచ్చాడు. సుంకులమ్మ కొంగు దులుపుకొని లేచి వెళ్ళిపోయింది. అది అతనికి తిట్టు కంటే గట్టిగా తగిలింది.

మర్నాటి మధ్యాహ్నం బల్ల ఆపేస్తామన్నారు. ఎవరి గడప వాళ్ళు ఆఖరుసారి చూసుకోవచ్చని ఇందుమతి కబురు పెట్టింది. కాశింబీ పోయింది. దస్తగిరి కూడా పోయాడు. వాడు పోవడం కళ్ళారా చూడాలనిపించింది అతనికి.

బల్ల మీది మనిషి బండి గోడకు చేరవేసి, వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. మడమ వెనక చేత్తో రుద్దుకుంటున్నాడు. పగిలిన మడమ. దస్తగిరిది కూడా అదే కాలు. ఈ పొద్దు ఒక తమాషా జరిగిందిమే అన్నాడు చెవిబిళ్ళలో. ఏంది అంది లోపలి నుంచి ఆమె గొంతు. వెలుతురు కిందికొస నుంచి ఒక్కొక్క అంగడే ఆరుతూ పైకి వస్తోంది. అతను చెంబు బోర్లించి గడప దాటాడు. చెబుతా ఉండు అన్నాడు. అంతటితో ఆ ఇల్లు కూడా పోయింది.

ఉత్త బల్ల మిగిలింది. నల్లగా, రెండు మంచాలంత.

కాశింబీ చెవిబిళ్ళ తీసి, పక్కింటి నుంచి ఎరువు తెచ్చుకున్న గిన్నెను తుడిచినట్టు కొంగుతో తుడిచి ఇందుమతి చేతికిచ్చింది. వాళ్ళకు నొప్పి తెలిసిందా అని అడిగింది. ఇందుమతి బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పింది. తెలియదనే అనుకుంటున్నాం అంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ వీధిలో అన్ని గడపలనూ రోజూ చూసింది ఆమె ఒక్కతే.

దస్తగిరి ఎదురుచూసిన సంతోషం రాలేదు. అంగడికి పోయి కూర్చున్నాడు. అరుగు చల్లగా ఉంది.

వీధి ఎప్పటిలాగే ఒకే వైపు నడిచింది. ఓబులేసు టీ ఇచ్చేవాడు గానీ మాట కలిపేవాడు కాదు. కాశింబీ క్యారియర్ కట్టేది. వంట తగ్గలేదు, ఉప్పు తప్పలేదు. గొడవ పెట్టుకుంటే బాగుండునని అతనికి ఉండేది. ఆమె పెట్టుకోలేదు. మధ్యాహ్నం పూట జడలో పూలు లేవని అతనికి తెలుసు, ఎందుకంటే రాత్రి ఇంటికి పోయినప్పుడు వాడిన పూల కోసం ముందు జడ వైపే చూసేవాడు. చచ్చినవాడి మీద కూడా మనిషికి కుళ్ళు ఉంటుందని, అది బతికినవాడి మీద కుళ్ళు కంటే గట్టిదని అతనికి అప్పుడు తెలిసింది. చచ్చినవాడు ఇక తప్పు చెయ్యడు. విసుక్కోడు. వాడి మాటలు అరిగిపోవు.

ఒక మధ్యాహ్నం దూది మీద పట్ట కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి, అంగడి తలుపు దగ్గరికేసి బయలుదేరాడు. బండి తీసుకోలేదు. బండ్లకే కదా ఒకే దారి. కాళ్ళకు ఎవరూ ఏ బోర్డూ పెట్టలేదు. ఎదురొచ్చే ఆటోలు హారన్ కొట్టాయి. ఒక స్కూటరువాడు తిట్టాడు. చీకట్లో కాలువ గట్టు మీదుగా కాకుండా నడినెత్తిన ఎండతో, తన వీధిని కింది నుంచి పైకి అతను మొదటిసారి చూశాడు. ఎంతో దూరం లేదు. ఇన్నేళ్ళూ ఇంతే దూరం ఉంది.

తలుపు తట్టాడు. తీసింది. ఆ గుమ్మంలో, ఆ వేళకు, ఆ మనిషి. ఆమె ముఖం ఒక్క రెప్పపాటు వెలిగి, తర్వాత సర్దుకుంది. వెలిగింది ఎవరికో అతనికి తెలుసు. వెనక్కి తిరిగి పోబుద్ధయింది. పోలేదు. కాళ్ళు కడుక్కొని లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

ఆమె కంచం పెట్టింది. అన్నం పెట్టింది. క్యారియర్ ఏమైందని కూడా అడగలేదు. అతను తండ్రి సంగతి ఏదైనా చెబుదామని చూశాడు. చెప్పదగినవన్నీ వాడు చెప్పేసి పోయాడు. తన తలలో ఉన్నదంతా ఆమె విన్నదే, తన కంటే బాగా చెప్పగా విన్నదే. అన్నం కెలికాడు. వాడికి లేనిది తన దగ్గర ఏముందని వెతికితే ఒక్కటే కనపడింది.

"అరుగు కోసరం కాదు," అన్నాడు.

కాశింబీ గరిటెతో పప్పు తీసి ఆగింది.

"కుళ్ళు. ఆయప్ప మింద కుళ్ళుతో చెప్పినా ఒప్పుకోనని. నేను నోరు తెరిస్తే ఆర్పేస్తారని తెలిసే తెరిచినా. సుంకులమ్మ మొగం చూసినా గూడా ఆగలే." నీళ్ళు తాగాడు. "వాన పడితే ఆయప్ప నీ దగ్గర కూర్చున్యాడంట. వానలు ఈడా పడినాయి. నేను అంగట్లో కూర్చొని, తలుపేసుకొని, నీళ్ళు కారేది చూస్తా ఉంటి. ఇది ఆయప్పకు తెలీదు."

కిటికీ అవతల బండ్లు పోతున్నాయి, అన్నీ ఒకే వైపు. కాశింబీ పప్పు వడ్డించలేదు. గరిటెను గిన్నెలోకి దించింది. తిట్టడానికో ఏడవడానికో అన్నట్టు ముఖం ఒకసారి బిగిసింది, అతను తల దించుకున్నాడు. గిన్నె పక్కకు జరిపిన చప్పుడుకు మళ్ళీ తల ఎత్తాడు. ఆమె కోపంగానే ఉంది. కోపంగానే, కథ చెప్పేవాడి ఎదురుగా కూర్చున్నట్టు మోకాళ్ళు ముడుచుకొని కింద కూర్చుంది.

"ఊ," అంది.